మోటార్‌సైకిల్ ఎగ్జాస్ట్ శబ్దం ఎంత వరకు ఉండవచ్చు? తరచుగా అడిగే ప్రశ్నలు

సూటిగా చెప్పండి: బండి శబ్దం ఎంత ఉండాలి?

కంపెనీ నుంచి వచ్చిన రోజు ఆ బండి ఎంత శబ్దం చేసిందో, ఎన్నేళ్లు గడిచినా అంతకు మించకూడదు. తగ్గించగలిగితే ఇంకా మేలు. అంకెల్లో కావాలంటే రెండు కొలతలు గుర్తుంచుకోవచ్చు. నిలిపి ఉంచిన బండి ఇంజిన్‌ను నిర్ణీత వేగంలో తిప్పి, సైలెన్సర్ మూతికి అర మీటరు దూరంలో కొలిచినప్పుడు 95 డెసిబెల్స్ దాటకూడదని నా అభిప్రాయం. రోడ్డు మీద వేగం అందుకుంటున్న బండిని 7.5 మీటర్ల దూరం నుంచి కొలిచే పరీక్షకు, ఐక్యరాజ్యసమితి 41వ నిబంధన నాలుగో సవరణ శ్రేణి 73, 74, 77 డెసిబెల్స్ అని మూడు పరిమితులు పెట్టింది. ఇంజిన్ శక్తిని బండి, రైడర్ కలిసిన బరువుతో భాగిస్తే వచ్చే విలువను బట్టి ఏ బండికి ఏ పరిమితి అన్నది తేలుతుంది.

95 అన్న అంకెకు ఒక ఆధారం ఉంది. ఆస్ట్రియాలోని టిరోల్ రాష్ట్రం 2020 వేసవిలో, పత్రాల్లో నమోదైన నిలకడ శబ్దం (నిలిపి ఉంచి కొలిచినది) 95 డెసిబెల్స్ దాటిన మోటార్‌సైకిళ్లను కొన్ని కొండదారుల మీదికి రానివ్వకుండా నిషేధించింది. ఆ నిషేధం కిందికి వచ్చిన వాటిలో, ఏ మార్పూ చేయకుండా చట్టబద్ధంగా అమ్ముడైన బండ్లు కూడా ఉన్నాయి. అనుమతి పొందిన శబ్దమంతా పక్కవారు భరించగలిగినదే అనుకోవడానికి లేదని ఆ ఉదంతం చెబుతోంది.

95కీ 105కీ తేడా పదే కదా, అంత పట్టింపు ఎందుకు?

డెసిబెల్ లెక్క గుణకారం మీద నడుస్తుంది. శబ్దశక్తి రెండింతలైతే మీటరు మీద 3 డెసిబెల్స్ పెరుగుతాయి, పదింతలైతే 10 పెరుగుతాయి. అంటే 105 డెసిబెల్స్ చేసే ఎగ్జాస్ట్, 95 చేసే ఎగ్జాస్ట్ కంటే పదింతల శబ్దశక్తిని బయటికి వదులుతోంది. మన చెవి ఆ పదింతలను పూర్తిగా గ్రహించదు. పది డెసిబెల్స్ పెరిగితే మోత దాదాపు రెండింతలైనట్టు మాత్రమే అనిపిస్తుంది. బండి నడిపేవారు తాము పెంచిన శబ్దాన్ని తక్కువగా అంచనా వేయడానికి ఇది ఒక ముఖ్య కారణం.

శబ్దాన్ని అధికారికంగా ఎలా కొలుస్తారు?

రెండు పద్ధతులు ఉన్నాయి, వాటి ఉద్దేశాలు వేరు. మొదటిది నిలకడ పరీక్ష. ఐఎస్ఓ 5130 ప్రమాణం ప్రకారం మైక్రోఫోన్‌ను సైలెన్సర్ మూతికి అర మీటరు దూరంలో, వాయువు వెలువడే దిశకు 45 డిగ్రీల కోణంలో, మూతి ఉన్న ఎత్తులోనే పెడతారు. ఇంజిన్ గరిష్ఠ శక్తిని ఇచ్చే వేగం నిమిషానికి 5000 చుట్లు దాటితే అందులో సగం వేగానికి, దాటకపోతే ముప్పావు వంతు వేగానికి ఇంజిన్‌ను తీసుకువెళ్తారు. 8000 చుట్ల వద్ద గరిష్ఠ శక్తిని ఇచ్చే ఇంజిన్‌ను 4000 వద్ద, 4800 వద్ద ఇచ్చే ఇంజిన్‌ను 3600 వద్ద కొలుస్తారన్నమాట. ఆ వేగాన్ని కొద్దిసేపు నిలిపి, తర్వాత యాక్సిలరేటర్‌ను ఒక్కసారిగా వదిలేస్తారు. ఆ వ్యవధి మొత్తంలో నమోదైన గరిష్ఠ శబ్దమే ఫలితం.

రెండోది నడుస్తున్న బండికి చేసే పరీక్ష. దారి మధ్యరేఖకు ఇరువైపులా 7.5 మీటర్ల దూరంలో, 1.2 మీటర్ల ఎత్తులో మైక్రోఫోన్లు ఉంటాయి. బండి వాటి మధ్య నుంచి వేగం అందుకుంటూ వెళ్తుంది. ఇందులో ఎగ్జాస్ట్‌తో పాటు గాలి పీల్చుకునే శబ్దం, చైను, గేర్లు, ఇంజిన్ భాగాలు, టైర్లు చేసే శబ్దమంతా కలుస్తుంది. రోడ్డు పక్కన నిలబడిన మనిషి వినేది దీనినే కాబట్టి, కొత్త నమూనాకు అనుమతి ఇచ్చేటప్పుడు ఈ పరీక్షకే విలువ ఎక్కువ. అమెరికా 1986 నుంచి ఇలాంటి పరీక్షలోనే, సుమారు 15 మీటర్ల దూరంలో, 80 డెసిబెల్స్ పరిమితిని అమలు చేస్తోంది.

నిలకడ పరీక్ష అంకెతో రెండు వేర్వేరు నమూనాలను పోల్చి, ఏది నిశ్శబ్దమైనదో తేల్చడం సరికాదు, ఎందుకంటే ఒక్కో ఇంజిన్‌ను ఒక్కో వేగం వద్ద కొలుస్తారు. ఆ బండి సైలెన్సర్ కొత్తలో ఉన్న స్థితిలోనే ఉందా, ఎవరైనా మార్చారా అన్నది తేల్చడానికి మాత్రం అది చాలా పనికొస్తుంది. చాలా బండ్ల చాసిస్ మీద అతికించిన చిన్న పలకలో ఆ అంకె, దాన్ని కొలిచిన ఇంజిన్ వేగం ముద్రించి ఉంటాయి. మీ బండి విషయంలో అన్నిటికంటే ముందు చదవవలసినది అదే.

మీటరు మీద అంకె తక్కువే వస్తోంది, అయినా పక్కింటివారు కిటికీలు అదురుతున్నాయంటున్నారు. ఎవరి మాట నిజం?

ఇద్దరిదీ నిజమే కావచ్చు. వాహన శబ్దాన్ని కొలిచే మీటర్లు ఏ-వెయిటింగ్ అనే సర్దుబాటుతో పనిచేస్తాయి. మనిషి చెవికి లోతైన శబ్దాలు తక్కువగా వినిపిస్తాయి కాబట్టి, మీటరు కూడా వాటిని తగ్గించి లెక్కిస్తుంది. 1000 హెర్ట్జ్ వద్ద ఏ తగ్గింపూ ఉండదు. 63 హెర్ట్జ్ వద్ద దాదాపు 26 డెసిబెల్స్, 50 హెర్ట్జ్ వద్ద దాదాపు 30 డెసిబెల్స్ తీసివేస్తుంది.

ఇప్పుడు పెద్ద సింగిల్ సిలిండర్ బండిని తీసుకోండి. ఫోర్‌స్ట్రోక్ ఇంజిన్‌లో ప్రతి రెండు చుట్లకూ ఒకసారి మంట రాజుకుంటుంది. నిమిషానికి 3000 చుట్లు తిరిగే సింగిల్ సెకనుకు 25 సార్లు పేలుతుంది, దాని ప్రధాన శబ్దాలు 25, 50, 75 హెర్ట్జ్ దగ్గర పోగుపడతాయి. 9000 చుట్లు తిరిగే నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో అదే లెక్క సెకనుకు 300 అవుతుంది. మొదటి బండి దడదడ మీటరు లెక్కలో చాలావరకు కరిగిపోతుంది, రెండోదాని హోరు చాలావరకు నిలుస్తుంది. కానీ గోడలూ కిటికీ అద్దాలూ సన్నని కూతను అడ్డుకున్నంత బాగా లోతైన దడదడను అడ్డుకోలేవు. తలుపులు మూసుకుని లోపల కూర్చున్న మనిషికి చేరేది ఎక్కువగా ఆ లోతైన భాగమే. అందుకని పెద్ద సింగిల్, వీ-ట్విన్ (రెండు సిలిండర్లు V ఆకారంలో ఉండే ఇంజిన్) బండ్ల యజమానులు మీటరు అంకె పరిమితిలో ఉందని నిశ్చింతగా ఉండకుండా, ఇంటి లోపల నిలబడి ఒకసారి తమ బండి శబ్దాన్ని తామే వినాలని నా సూచన.

అసలు సైలెన్సర్ లోపల ఏముంటుంది?

ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకునే క్షణానికి సిలిండర్ లోపలి పీడనం ఇంకా బయటి గాలి పీడనానికి అనేక రెట్లు ఉంటుంది. ఆ వాయువు ఒక్కసారిగా బెండు పైపులోకి దూసుకురావడంతో పుట్టే పీడన తరంగమే మనం వినే పేలుడు. సైలెన్సర్ ఆ తరంగాన్ని రెండు రకాలుగా అణచుతుంది. మొదటి రకంలో గదులు, అడ్డుగోడలు, వాటిని కలిపే గొట్టాలు ఉంటాయి. తరంగం గది గోడలకు తగిలి వెనక్కి వచ్చి, ఎదురుగా వస్తున్న తరంగంతో కలిసి బలహీనపడుతుంది. రెండో రకంలో చిల్లుల గొట్టం చుట్టూ గ్లాస్ ఊల్ వంటి పీచు దట్టించి ఉంటుంది. తరంగపు శక్తి ఆ పీచులో రాపిడికి లోనై వేడిగా మారిపోతుంది.

గదుల పద్ధతి లోతైన శబ్దాలను బాగా పట్టుకుంటుంది కానీ అందుకు చోటు కావాలి, బరువూ పెరుగుతుంది. పీచు పద్ధతి తేలికైనది, సన్నని శబ్దాలను చక్కగా మింగుతుంది, లోతైన వాటిని చాలావరకు వదిలేస్తుంది. కంపెనీ సైలెన్సర్లు అంత పెద్దవిగా, బరువుగా ఉండడానికి కారణం ఇదే. పొట్టిగా, తేలికగా కనిపించే బయటి సైలెన్సర్ ఏదైనా సరే, ఆ చోటు లేని లోటును శబ్దం రూపంలోనే తీర్చుకుంటుంది.

శబ్దం పెంచితే బండి శక్తి పెరుగుతుందా?

శబ్దం పెంచినందువల్ల పెరగదు. పెద్ద శబ్దంతో పాటు శక్తి కూడా పెరిగిన బండ్లు పందాల్లో కనిపిస్తాయి కాబట్టి ఈ నమ్మకం పుట్టింది. అక్కడ శక్తిని పెంచేవి పైపు పొడవు, వ్యాసం, సిలిండర్ల పైపులు కలిసే చోటు, వాటికి తగ్గట్టు సరిదిద్దిన ఇంధన పరిమాణం. వాల్వు దగ్గర పుట్టిన పీడన తరంగం పైపు చివరికి వెళ్లి, అల్పపీడన తరంగంగా వెనక్కి వస్తుంది. ఆ తరంగం రెండు వాల్వులూ కొద్దిగా తెరిచి ఉన్న సమయానికి చేరితే, సిలిండర్‌లో మిగిలిన పాత వాయువును బయటికి లాగి, తాజా మిశ్రమం లోపలికి రావడానికి సాయపడుతుంది. పైపు పొడవు ఒక ఇంజిన్ వేగానికి కుదిరితే మరో వేగానికి కుదరదు. యమహా 1987లో తెచ్చిన ఎక్సప్ అనే ఎగ్జాస్ట్ కవాటం, ఈ ఇబ్బందిని తగ్గించేందుకు ఇంజిన్ వేగాన్ని బట్టి దారిని మూసి తెరిచే ఏర్పాటే.

ఇంత లెక్కతో అమర్చిన వ్యవస్థలో చివరి భాగాన్ని మాత్రమే తీసి డొల్ల గొట్టం పెడితే, పై వేగాల్లో స్వల్ప లాభం వచ్చినా, మనం రోజూ వాడే కింది, మధ్య వేగాల్లో లాగుడు తగ్గడం తరచుగా జరుగుతుంది. ఇంధన పరిమాణం సరిచేయకపోతే మిశ్రమం పలచబడి, యాక్సిలరేటర్ వదిలినప్పుడు సైలెన్సర్‌లో టపటపమని పేలడం మొదలవుతుంది. ఆ పేలుళ్లను కొందరు శక్తికి గుర్తుగా భావిస్తారు. నిజానికి అది ఇంజిన్ లోపల కాలవలసిన ఇంధనం పైపులో కాలుతున్న చప్పుడు. దారిలో ఉన్న క్యాటలిటిక్ కన్వర్టర్‌ను కూడా తీసేస్తే, శబ్దంతో పాటు విషవాయువులు కూడా పెరుగుతాయి.

పెద్ద శబ్దం ప్రాణాలు కాపాడుతుందంటారు. నిజమా?

ఈ వాదన వెనుక ఉన్న భయం నిజమైనది, దాన్ని తేలికగా తీసిపారేయడం నాకు ఇష్టం లేదు. మోటార్‌సైకిల్ నడిపేవారిని ఇతర వాహనదారులు చూడకపోవడం ప్రాణాంతకమైన సమస్య. అయితే దానికి ఎగ్జాస్ట్ శబ్దం మందు కాదు. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన హ్యారీ హర్ట్ బృందం 1981లో వెలువరించిన ప్రమాదాల అధ్యయనం, ప్రమాదానికి కారణమైన ముప్పు నాలుగింట మూడు వంతులకు పైగా సందర్భాల్లో నేరుగా ముందు నుంచి ఇరువైపులా 45 డిగ్రీల లోపలే ఉందని చెప్పింది. ఎగ్జాస్ట్ మూతి చూసేది వెనక్కి. ముప్పు ఎదురుగా ఉంటే మోత వెనుక ఉన్నవారికి చేరుతోంది. ఎదురుగా వచ్చే కారులో అద్దాలు మూసి ఉంటాయి, పాటలు మోగుతుంటాయి. లోపలికి చేరిన కాస్త శబ్దం కూడా ఏ దిక్కు నుంచి వస్తోందో చెప్పడం కష్టం, ఎందుకంటే చెవి లోతైన శబ్దాల దిశను సరిగా పోల్చుకోలేదు.

పాదచారుల సంగతి వేరు, వారికి కొంత శబ్దం అవసరమే. ఎంత అవసరమో చెప్పే ప్రమాణం కూడా ఉంది. నిశ్శబ్దంగా నడిచే ఎలక్ట్రిక్ కార్ల కోసం రూపొందించిన ఐక్యరాజ్యసమితి 138వ నిబంధన, కారు గంటకు 20 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్నప్పుడు రెండు మీటర్ల దూరంలో కనీసం 56 డెసిబెల్స్ వినిపించాలంటుంది. కంపెనీ సైలెన్సర్ ఉన్న పెట్రోలు మోటార్‌సైకిల్ ఆ స్థాయిని సునాయాసంగా దాటుతుంది. ఎదుటివారికి కనిపించే రంగు దుస్తులు, పగలు కూడా వెలిగే హెడ్‌లైట్, అవసరమైనప్పుడు హారన్, కూడళ్ల వద్ద బ్రేకు మీద వేళ్లు సిద్ధంగా ఉంచుకోవడం, ఇవి చేసే మేలులో సగం కూడా ఎగ్జాస్ట్ చేయలేదు.

ఒక బండి శబ్దం ఎంత దూరం ఇబ్బంది పెడుతుంది?

అడ్డంకులు లేని బయలులో దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం 6 డెసిబెల్స్ చొప్పున తగ్గుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, రాత్రివేళ పడకగది కిటికీ బయట ఒక్కో శబ్దం 60 డెసిబెల్స్ దాటకూడదు. మూతి దగ్గర అర మీటరులో 95 డెసిబెల్స్ చేసే బండి దాదాపు 28 మీటర్ల దూరానికి వెళ్లేసరికి ఆ హద్దు లోపలికి వస్తుంది. 105 డెసిబెల్స్ చేసే బండికి దాదాపు 90 మీటర్లు కావాలి. దూరం మూడింతలకు పైగా పెరిగిందంటే, ఆ వలయంలో పడే నేల పదింతలైందన్నమాట. ఇళ్లు దగ్గర దగ్గరగా ఉన్న చోట, పది మంది నిద్ర చెడాల్సినప్పుడు వంద మంది నిద్ర చెడుతుంది. ఇరుకు వీధుల్లో ఎదురెదురు గోడల మధ్య శబ్దం ప్రతిఫలిస్తుంది కాబట్టి, ఆ వీధి పొడవునా అది ఈ లెక్క చెప్పినంత త్వరగా తగ్గదు.

శబ్దం ఎంత అన్నదానితో పాటు, ఎంత హఠాత్తుగా వచ్చిందన్నది కూడా మనిషిని బాధిస్తుంది. నిలకడగా సాగే వాహనాల హోరుకు అలవాటుపడి నిద్రపోయే పసిబిడ్డ, రోగి, వృద్ధుడు ఒక్క బండి మోతకు ఉలిక్కిపడి లేస్తారు. ఆ బండి వెళ్లిపోయి నిమిషమైనా కాదు, వారికి మళ్లీ నిద్ర పట్టడానికి ఎంతసేపైనా పట్టవచ్చు. నాకు ఈ విషయంలో ఇంత పట్టుదల ఉండడానికి కారణం వారే.

నడిపేవారి చెవులకు ఎంత ప్రమాదం?

అమెరికాలోని వృత్తి భద్రత, ఆరోగ్య సంస్థ నియోష్ రోజుకు 8 గంటల పాటు 85 డెసిబెల్స్ వరకే వినాలని సిఫారసు చేస్తుంది. ఆపై ప్రతి 3 డెసిబెల్స్‌కూ వ్యవధి సగమవుతుంది. 94 వద్ద గంట, 100 వద్ద పావుగంట మాత్రమే. గంటకు 100 కిలోమీటర్లు దాటిన వేగంలో హెల్మెట్ చుట్టూ గాలి చేసే హోరు ఒక్కటే తరచుగా 95 డెసిబెల్స్ దాటుతుంది. కాబట్టి దూరప్రయాణాల్లో, సైలెన్సర్ ఎంత నిశ్శబ్దమైనదైనా, ఇయర్‌ప్లగ్‌లు పెట్టుకోవడం మంచిది. పోయిన వినికిడి తిరిగి రాదు.

డీబీ కిల్లర్ తీసేసి, తనిఖీ ఉన్నప్పుడు మళ్లీ పెట్టుకుంటే?

వద్దు. డీబీ కిల్లర్ అంటే బయటి సైలెన్సర్ మూతిలో బిగించే ఇరుకు గొట్టం. ఆ సైలెన్సర్‌కు అనుమతి వచ్చింది అది బిగించి ఉన్నప్పుడే. తీసేసిన క్షణం నుంచి ఆ అనుమతి వర్తించదు.

ఏమీ మార్చలేదు, అయినా శబ్దం క్రమంగా పెరిగింది. ఎందుకు?

ముందు బెండు పైపు ఇంజిన్‌కు కలిసే చోటును చూడండి. అక్కడి గ్యాస్కెట్ కాలిపోయినా, నట్లు వదులైనా, యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడల్లా టిక్కుటిక్కుమనే పదునైన చప్పుడు వస్తుంది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు అది స్పష్టంగా వినిపించి, వేడెక్కి లోహం వ్యాకోచించాక కొంత తగ్గుతుంది. లీకు ఉన్న చోట నల్లని మసి మరక కూడా ఉంటుంది. తర్వాత పైపు సైలెన్సర్‌లోకి దూరే అతుకును, సైలెన్సర్ అడుగు భాగాన్ని పరిశీలించాలి. పొట్టి ప్రయాణాలు ఎక్కువ చేసే బండ్లలో లోపల చేరిన నీటి ఆవిరి పూర్తిగా ఆరిపోదు, దాంతో తుప్పు లోపలి నుంచి మొదలై చిల్లు పడేవరకు కంటికి కనిపించదు. ఊపినప్పుడు లోపల గలగలమంటే అడ్డుగోడ ఊడిందని అర్థం. పీచు దట్టించిన బయటి సైలెన్సర్ అయితే, ఆ పీచు కాలంతో పాటు కాలి, కొట్టుకుపోతుంది. దాన్ని మార్పించడం పెద్ద పని కాదు, కానీ చాలామంది ఆ అవసరం ఉందనే తెలియక సంవత్సరాల తరబడి అలాగే నడుపుతారు.

ఫోనుతో కొలవవచ్చా?

ముందూ వెనుకా పోల్చుకోవడానికి కొలవవచ్చు. అదే ఫోను, అదే చోటు, అదే దూరం, అదే ఇంజిన్ వేగం ఉంటే, నిరుటి కంటే శబ్దం పెరిగిందో లేదో తెలుస్తుంది. ఫోను మైక్రోఫోన్ మాట కోసం తయారైనది, చాలా పెద్ద శబ్దాల వద్ద అది అంకెను తక్కువ చేసి చూపవచ్చు. ఆ అంకెను పట్టుకుని అధికారులతో వాదించడం కుదరదు. కొలిచేటప్పుడు గోడలకు దూరంగా, గాలి లేని చోట నిలపండి.

సైలెన్సర్ మార్చకుండా శబ్దం తగ్గించే మార్గం ఉందా?

ఉంది, అది కుడిచేతిలో ఉంది. ఇంజిన్ వేగం, యాక్సిలరేటర్ ఎంత తెరిచామన్నది, ఈ రెండే బండి శబ్దాన్ని చాలావరకు నిర్ణయిస్తాయి. ఇళ్ల మధ్య గేరు త్వరగా పెంచి, ఇంజిన్ ఇబ్బంది పడనంత తక్కువ వేగంలో సాగితే, అదే బండి వేరే బండిలా వినిపిస్తుంది. నిలిపి ఉన్నప్పుడు రేజ్ చేయడం వల్ల బండికి ఏ లాభమూ లేదు. ఉదయం ఇంజిన్‌ను వేడెక్కించడానికి నిలబెట్టి మోగించవలసిన పని కూడా లేదు. స్టార్ట్ చేసిన కొద్దిసేపటికే నెమ్మదిగా కదిలిపోవచ్చు. గుంపుగా వెళ్లేవారు గుర్తుంచుకోవలసింది ఒకటుంది: ఒకే రకం బండ్లు పది కలిస్తే శబ్దం 10 డెసిబెల్స్ పెరుగుతుంది, అవి ఒక్కొక్కటీ పరిమితిలో ఉన్నా సరే.

నాకు ఇంజిన్ శబ్దం అంటే ప్రాణం. అది కూడా వదులుకోవాలా?

వదులుకోనక్కరలేదు. మీరు ప్రేమించే గుణం మోత పరిమాణంలో లేదు, పేలుళ్ల మధ్య ఎడంలో ఉంది. ఆ ఎడాన్ని క్రాంకు, అంటే పిస్టన్లు తిప్పే ఇరుసు, ఎన్ని డిగ్రీలు తిరిగిందన్న లెక్కలో చెబుతారు. 45 డిగ్రీల వీ-ట్విన్‌లో రెండు పేలుళ్ల మధ్య ఎడం ఒకసారి 315 డిగ్రీలు, మరోసారి 405 డిగ్రీలు. 360 డిగ్రీల క్రాంకు ఉన్న ప్యారలల్ ట్విన్‌లో (రెండు సిలిండర్లు పక్కపక్కన ఉండే ఇంజిన్‌లో) ఆ ఎడం ఎప్పుడూ సమానం. ఆ లయ నిశ్శబ్దమైన సైలెన్సర్ గుండా కూడా చెడకుండా బయటికి వస్తుంది. పైగా గాలి పీల్చుకునే శబ్దం ఎయిర్‌బాక్స్ నుంచి నేరుగా నడిపేవారి వైపే వస్తుంది. ఈ మధ్య కొన్ని కంపెనీలు ఆ శబ్దాన్నే శ్రద్ధగా మలుస్తున్నాయి. ఆనందం నడిపేవారికి దక్కి, ఊరికి మోత తగ్గే ఈ దారి నాకు ఎంతో నచ్చింది.

బయటి సైలెన్సర్ కొనక తప్పనప్పుడు ఏం చూడాలి?

మీ బండి నమూనాకే అనుమతి పొందిన గుర్తు దాని ఒంటి మీద చెక్కి ఉండాలి. ఐక్యరాజ్యసమితి నిబంధనల ప్రకారమైతే వృత్తంలో ఇంగ్లిష్ 'E' అక్షరం, దేశపు అంకె, ఆ పక్కన అనుమతి సంఖ్య ఉంటాయి. పందాలకు మాత్రమే అని ముద్రించిన వాటిని రోడ్డు మీద వాడకూడదు. క్యాటలిటిక్ కన్వర్టర్‌ను తీసివేయకుండా బిగించగలిగేదాన్ని ఎంచుకోండి. ఎగ్జాస్ట్ వాయువులోని ఆక్సిజన్‌ను కొలిచే ఆక్సిజన్ సెన్సర్ దాని చోటులోనే ఉండాలి. బిగించిన వెంటనే పలక మీద రాసి ఉన్న ఇంజిన్ వేగం వద్ద అర మీటరు దూరంలో కొలిపించి, పాత అంకెతో పోల్చి చూడండి. తీసిన కంపెనీ సైలెన్సర్‌ను పారేయకుండా తుడిచి, పొడిగా ఉన్న చోట దాచండి. కొత్తది ఎక్కువ మోత చేస్తోందని తేలితే దాన్నే మళ్లీ బిగించుకోవచ్చు.